బిడ్డలతోడి మాట

తమ బిడ్డలు తమ మాట వినుట లేదని తలిదండ్రులు మాతో మొఱపెట్టుకొనని వారము లేదు. 20 ఏండ్లకు పైగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పాఠశాలలలో పనిచేయుచున్న మాకు ఈ మొఱ కంఠపాఠమైనది. బిడ్డల మాట తాము వినుచున్నామా యని సందేహించినవారు మాత్రము వేళ్లమీద లెక్కింపదగినంతమందియే. చెప్పినట్లు నడచుకొనుట వేఱు, చెవియొగ్గి ఆలకించుట వేఱు. మన భాషలో రెంటికిని ‘వినుట’ యను నొక్క క్రియయే చెల్లుచుండుటచేత కాబోలు, మొదటిదానిని కోరువారు రెండవదానిని మఱచినారు.

కొలువున కుదిరిన క్రొత్తలో మేము జమ్మలమడుగున చేనేతవారి వీథిలో కాపురముంటిమి. మగ్గపు గుంటలో తండ్రి కూర్చుండును. ప్రక్కను తల్లి రాట్నముకడ కండెలు చుట్టుచుండును. బడినుండి వచ్చిన పిల్లవాడు సంచి మూలను పడవైచి తల్లి చేతిలోని పని యందుకొనును. చేతులు పనిలో నుండును; నోరు ఖాళీ. ఎవరి మొగము నెవరును చూడరు. అట్టి వేళ బడిలో తిన్న దెబ్బలు, తోడివారితో తగవులు, చీరకు రావలసిన కూలి, ఇంటి బాడుగ, అన్నియు వాటంతట నవే బయటపడుచుండెడివి. ఎదుట నిలువబెట్టి “ఏమి జరిగినది?” అని గద్దించిన నే పిల్లవాడును అంత చెప్పడు. అట్లని పిల్లలను మరల రాట్నముకడ కూర్చుండబెట్టుడని మేము చెప్పుట లేదు. ఆ పని యెందఱి చదువులను మ్రింగినదో మా హాజరుపట్టీలే చెప్పును. పని తొలగుట మంచిదే. దానితోపాటు మాటయు తొలగినది, దాని స్థానమున మఱియొకటి రాలేదు.

ఇప్పుడు పిల్లలు పదునైదవ యేటనే ఇల్లు విడుచుచున్నారు. ఇడుపులపాయలో 2008లో నెలకొన్న విశ్వవిద్యాలయమున పదవ తరగతి తేరిన పల్లెపిల్లలు ఆరేండ్ల చదువునకు చేరుచున్నారు. తక్కినవారిలో పెక్కండ్రు ఇంటర్మీడియట్‌కై దూరపు నగరముల హాస్టళ్లకు పోవుచున్నారు. ఆదివారము ఫోను. “తిన్న్యావా?” “తిన్న్యా.” “బాగ సదువుతాండావా?” “సదువుతాండా.” వెనుక వరుసలో మఱి పదిమంది తమ వంతుకై నిలిచియుందురు. వార్డెను దగ్గఱనే యుండును. ఆ నాలుగు ముక్కలలో మార్కుల సంగతి తప్ప వేఱేమి చొరగలదు?

మాటలు కొఱతపడుటయే దోషమనుకొందురేమో. మాటలు కొల్లలుగా నున్నను ఈ దోషము తీఱదు. ఇంగ్లండున చెస్టర్‌ఫీల్డు ప్రభువు తన కుమారుడైన ఫిలిప్పు స్టాన్‌హోపునకు 1737 మొదలుకొని ముప్పది యేండ్లపాటు 400లకు మించిన జాబులు వ్రాసెను. సభలో నెట్లు నిలువవలయునో, ఎవరితో నేమి పలుకవలయునో అన్నియు చెప్పెను. బిగ్గఱగా నవ్వరాదనియు చెప్పెను. 1768లో ఆ కుమారుడు మరణించెను. అతనికి వివాహమైనదనియు, ఇద్దఱు మగబిడ్డలు కలరనియు తండ్రికి తెలిసినది అప్పుడు! ఆ జాబులను 1774లో అచ్చువేయించినది ఆ కోడలు యుజీనియాయే. అంతటి జాబుల రాశిలో కుమారుడు తన యింటి సంగతి చెప్పుకొనుటకు జానెడు చోటు లేకపోయెను.

మన దేశమునకే వత్తము. పులివెందుల దాపున నొక పల్లెలోని రైతు మాకు పరిచితుడు. నాలుగెకరముల చీనీతోట. మూడు బోర్లు ఎండిపోయెను. నాలుగవది 900 అడుగులకు దిగినను తడియే గాని ధార లేదు. చెట్లు వడలుచుండగా అతడు అప్పు తెచ్చి కుమారుని నగరమున చేర్చెను. అప్పు సంగతి తెలిసిన చదువు చెడునని యింటిల్లిపాది నోళ్లు కట్టివైచెను. అక్కడ పిల్లవాడు గణితమున వెనుకబడి, పరీక్ష పరీక్షకును క్రింది విభాగమునకు దింపబడుచు, రాత్రులు నిదురలేక యుండెను. నాయన నొచ్చుకొనునని వాడును నోరు విప్పలేదు. ప్రేమచేతనే ఇరువురును ఒకరినొకరు మోసపుచ్చుకొనిరి.

ఒకనాడు వాడు హాస్టలు విడిచి పోయెను. రెండు దినములు జాడ లేదు. ఆ రెండు దినములును ఆ యింట పొయ్యి రాజలేదు; ఊరి బావులన్నియు వెదకిరి. మూడవనాటి వేకువను ప్రొద్దుటూరు బస్సుస్టాండులో మా పూర్వవిద్యార్థి యొకడు వానిని గుర్తించి మాకు కబురంపెను. అంతదూరము వచ్చినవాడు ఇంటి బస్సెక్కుటకు ధైర్యము చాలక అక్కడనే కూర్చుండియుండెను. తండ్రి వచ్చి కొట్టునేమో యని మేము జంకితిమి. అతడు వచ్చి కొడుకు ప్రక్కను చతికిలబడి, చాలసేపు నేల చూచి, “బోరు ఎండిపాయ నాయినా. మూడు లచ్చలు అప్పుండాది” అనెను.

“నాకు చెప్పల్యేదే?”

“నువ్వు చెప్తివా?”

మేము టీ తెచ్చుటకు లేచిపోతిమి. తిరిగి వచ్చునప్పటికి తండ్రి యొక బస్సుటిక్కెట్టు వెనుక వడ్డీ లెక్క వేసి చూపుచుండెను. కొడుకు ఆ లెక్కలో తప్పు దిద్దుచుండెను. గణితము రాదని నగరమువారు త్రోసివైచిన పిల్లవాడు! ఇప్పుడు వాడు ఇంటినుండియే దగ్గఱి కళాశాలకు పోవుచున్నాడు. రెండెకరములు కౌలుకిచ్చి, తక్కిన తోటను బ్రతికించుకొనవలయునని తేల్చినది వాడే.

ప్రొద్దుటూరి వర్తకులు ఈ విషయమున మనకన్న తెలివిగలవారు. బంగారపు కొట్టునందైనను, బట్టల కొట్టునందైనను, సెలవులలో పిల్లవాడు తండ్రి ప్రక్కను కూర్చుండును. చిట్టా వ్రాయును. ఎవరు బాకీయో, ఎవరికి బాకీయో వానికి తెలియును. పండ్రెండేండ్ల వానికి కొట్టు లెక్క తెలిసిన చెడిపోవునని ఏ వర్తకుడును తలపడు. రైతును, కూలివాడును, మా వంటి జీతగాండ్రును మాత్రమే ఇంటి లెక్కను బిడ్డలకు కనబడకుండ దాచుదుము. ఆడుపిల్లలకైనచో మఱియు దాచుదుము. తన పెండ్లి మాట తానే చివరగా విన్న బాలికలు మా తరగతులలోనే కలరు.

కఠోపనిషత్తున నచికేతుడు తండ్రి యిచ్చుచున్న ముసలియావులను చూచి, నన్నెవరికిత్తువని ముమ్మాఱు అడిగెను. విసిగిన తండ్రి, మృత్యువునకిత్తునని కసరెను. యముని యింటి వాకిట మూడు రాత్రులు పస్తున్న ఆ బాలుడు మూడు వరములలో మొదట కోరినదేమి? ఆత్మవిద్య కాదు. తాను మరలి పోయినప్పుడు తండ్రి కోపము మాని తన్ను గుర్తించి పలుకరింపవలయునని. పాఠము చెప్పునప్పుడు పండితులు ఈ వరమును త్వరగా దాటిపోదురు. మూడవదానికై వారికి తొందర.

పాఠశాలలును ఇందుకు సాయపడవలసియున్నది. 2009 విద్యాహక్కు చట్టము పాఠశాల కమిటీలలో నూటికి 75 మంది తలిదండ్రులే యుండవలయుననుచున్నది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతట సర్కారు బడులలో తలిదండ్రుల సమావేశములు జరిగెను. 2025 జూలై 10న మరల జరిగెను. మంచి పనియే. ముగ్గులు వేసిరి, భోజనములు పెట్టిరి. కూలి మానుకొని వచ్చిన తల్లులు తొలిసారి మా యెదుట కుర్చీలలో కూర్చుండిరి. కాని మేము చూచినచోట ఉపాధ్యాయుడు పిల్లవానిగూర్చి తల్లితో మాటాడుచుండగా, ఆ పిల్లవాడు తలవంచుకొని నిలిచియుండెను. వాని యెదుట వాని సంగతి ఇద్దఱు పెద్దలు మాటాడుకొనుట న్యాయస్థానమునకు తగును. ముందు పిల్లవానిని కూర్చుండబెట్టి, తన కష్టమేదో వానినే చెప్పనిండని, ఆ పిమ్మట తల్లియు, తుదకు మేమును మాటాడుదుమని మా ప్రధానోపాధ్యాయునకు విన్నవించితిమి. ఒక్క యేడవ తరగతికి ఆయన ఒప్పుకొన్నారు. ఆ తరగతిలో 31 మంది. కుర్చీలు చాలవు గనుక అందఱికిని చాపలే పఱపింతుమన్నారు.