వెలగని దీపం

మన ఇళ్లలో దీపం వెలగడం శుభం. అది ఆరిపోయిందని కూడా అనం, కొండెక్కిందంటాం. కారులో సంగతి వేరు. అక్కడ కొన్ని దీపాలు వెలిగితే ప్రమాదమని అర్థం. అందువల్ల ఏ దీపమూ వెలగకపోతే కారు క్షేమంగా ఉందని చాలామంది అనుకొంటారు. ఈ నమ్మకం ఎంతవరకు సరైనదో నా వృత్తిలో ఎదురైన ఒక అనుభవంతో చెబుతాను.

మాది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయి. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ నిర్మాణపు రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువారు పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా తాతగారు వారిలో ఒకరు. నాన్నగారు కర్మాగారంలో కంట్రోలు రూములో పనిచేసి రిటైరయ్యారు. నేను కోహ్కాలో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను.

కిందటి సంక్రాంతికి ముందు మా అక్క కొడుకు ఒక పాత కారు కొని తెచ్చాడు. భార్యను, ఐదేళ్ల కూతురిని ఎక్కించుకొని, ఒడిశా కొండలు దాటి, సాలూరు ఘాటు దిగి శ్రీకాకుళం వెళ్లాలని వాడి కోరిక.

"బండి బంగారం, మావయ్యా! ఎంత దూరం నడిపినా హెచ్చరిక దీపం ఒక్కటీ వెలగదు. మలుపుల్లో మాత్రం హారన్ అప్పుడప్పుడు మోగడం లేదు. అదొక్కటి చూడు" అన్నాడు.

ఇంజను స్టార్టు చేయకుండా తాళం చెవిని 'ఆన్' దాకా మాత్రమే తిప్పాను. ఆయిలు, బ్యాటరీ, ఇంజను గుర్తుల దీపాలు వెలిగాయి. ఎయిర్‌బ్యాగు గుర్తు వెలగలేదు. సీటులో కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రని సంచి - అదీ ఆ గుర్తు. చాలా కార్లలో తాళం తిప్పగానే ఈ దీపం వెలిగి, సుమారు ఆరు సెకన్లలో ఆరిపోవాలి. ఆ వ్యవధిలో ఎయిర్‌బ్యాగు కంట్రోలు యూనిట్ తన విద్యుత్ వలయాలను తానే పరీక్షించుకొంటుంది. లోపం ఉంటే దీపం ఆరదు. మరి అసలు వెలగకపోతే? లోపం ఉందో లేదో చెప్పవలసిన నోరే మూగబోయిందన్నమాట.

ఈ సంచి విలువ ఎంతటిదో గమనించండి. కారు ఢీకొన్నప్పుడు వేగం హఠాత్తుగా పడిపోవడాన్ని సెన్సర్లు గ్రహిస్తాయి. యూనిట్ పంపిన విద్యుత్తుతో రసాయనం మండి వాయువు పుడుతుంది. సుమారు 30 మిల్లీసెకన్లలో, రెప్పపాటుకన్నా ముందే, సంచి ఉబ్బుతుంది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది.

మిగతా దీపాలు వెలిగాయి కాబట్టి మీటరుకు కరెంటు అందుతున్నట్లే. ఎయిర్‌బ్యాగు ఫ్యూజు చూశాను. బాగానే ఉంది. స్కానరు తగిలిస్తే యూనిట్ జవాబిచ్చింది. డ్రైవరు వైపు వలయం తెగిందని కోడు చూపింది. అంటే యూనిట్ బతికే ఉంది, తన బాధ చెబుతూనే ఉంది. ఆ మాట మన కంటిదాకా రావడం లేదు. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, కొన్ని నిమిషాలు ఆగాను. యూనిట్‌లోని కెపాసిటర్‌లో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక ఇలా ఆగడం అవసరం. తర్వాత మీటరు విప్పితే, ఆ బల్బు ఉండవలసిన గూడు ఖాళీ! బల్బు మాడిపోలేదు. ఎవరో తీసేశారు.

కొత్త బల్బు పెట్టి తాళం తిప్పాను. దీపం వెలిగింది. ఎంతసేపటికీ ఆరలేదు. మావాడి ముఖం చిన్నబోయింది.

"పోనీ, ఆ బల్బు తీసెయ్ మావయ్యా. ఊరెళ్లి వచ్చాక చూసుకొందాం."

"లోపం నీకు కనబడకపోతే చాలా? లేకుండా ఉండొద్దట్రా? వెనక సీట్లో పిల్ల కూర్చుంటుంది" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు.

స్టీరింగు కింద గుండ్రని డబ్బాలో పలచని రిబ్బను తీగ చుట్టచుట్టి ఉంటుంది. దాన్ని 'క్లాక్ స్ప్రింగ్' అంటారు. హారన్‌కూ, డ్రైవరు ఎయిర్‌బ్యాగుకూ విద్యుత్తు దాని గుండానే వెళ్తుంది. అది దెబ్బతిన్నందువల్లే మలుపుల్లో హారన్ మూగబోయేది. కొందరు ఇటువంటి చోట రెసిస్టర్ పెట్టి యూనిట్‌ను మభ్యపెడతారు. దీపం ఆరుతుంది, సంచి మాత్రం తెరుచుకోదు. పసుపుపచ్చ కనెక్టర్లున్న ఈ వలయాలను మల్టీమీటరుతో గుచ్చి చూడడం కూడా తగదు. చిన్న విద్యుత్తుకే సంచి పేలవచ్చు. కనుక కారును కంపెనీ సర్వీసు కేంద్రానికి పంపాం. కొత్త క్లాక్ స్ప్రింగ్ వేశాక దీపం వెలిగింది, ఆరు లెక్కపెట్టేలోగా ఆరింది. మావాళ్లకు భోగి దారిలోనే గడిచింది గాని, పండగ పూటకు క్షేమంగా ఊరు చేరారు.

కర్మాగారాల్లో ఈ జాగ్రత్త పాతదే. కంట్రోలు ప్యానెళ్లకు 'ల్యాంప్ టెస్ట్' అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే దీపాలన్నీ ఒక్కసారి వెలగాలి. నాన్నగారు డ్యూటీ ఎక్కగానే మొదట ఆ బటన్ నొక్కేవారట. బ్లాస్ట్ ఫర్నేసు వాయువులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో ఆ వాయువు లీకై ఆరుగురు మరణించారు. కంటికీ ముక్కుకూ అందని ప్రమాదాన్ని పరికరమే చెప్పాలి. ఆ పరికరం పనిచేస్తున్నదో లేదో ముందుగా మనం చూసుకోవాలి.

మీరు పాత కారు కొనేటప్పుడు రంగు, టైర్లు చూసి ఊరుకోకండి. తాళం తిప్పి, దీపాలు వెలగడమూ, ఆరడమూ రెండూ గమనించండి. ఎయిర్‌బ్యాగు ఉన్నా సీటుబెల్టు మానకండి. బెల్టుకు తోడుగా ఉండేందుకే ఆ సంచిని తయారుచేశారు. ఇక హెచ్చరిక దీపం చికాకు కలిగించినప్పుడు దాన్ని ఆర్పే ఉపాయం వెతకవద్దు. అది ఎందుకు వెలిగిందో వెతకండి.