‘తాను’ ఎవరు?

తెలుగు సర్వనామాలలో నాకు మిక్కిలి ఇష్టమైనది ‘తాను’. దానికి సొంత ముఖం లేదు. ‘సీత తాను వస్తానంది’ అంటే తాను సీత. ‘రాముడు తాను వస్తానన్నాడు’ అంటే తాను రాముడు. వాక్యంలో కర్త ఎవరైతే వారి రూపమే దానిది. ఈ పదం పైథాన్ భాషలో మళ్ళీ ఎదురవుతుందని నేననుకోలేదు మిత్రులారా.

మా మనవరాలు పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఉన్నది. క్లాసుల పాఠం వద్ద ఆగిపోయింది. “ఇది ఇంగ్లీషు మీడియం వాళ్ళకేగాని నాకు రాదు తాతయ్యా, చదువు మానేస్తాను” అని కంటతడి పెట్టింది.

దాని చిక్కు ఇది. ‘విద్యార్థి’ అనే క్లాసులో ‘పలుకు’ అనే మెథడు రాసి, కుండలీకరణాలు ఖాళీగా వదిలింది. సీత అనే ఆబ్జెక్టును సృష్టించి, పేరిచ్చి, సీత.పలుకు() అని పిలిచింది. ఈ మెథడు ఆర్గ్యుమెంట్లు సున్నా తీసుకుంటుంది, మీరు ఒకటి ఇచ్చారు, అన్నది యంత్రం. “నేనేమీ ఇవ్వలేదు గదా!” అని పిల్ల ఘోష.

ఇచ్చింది. చుక్కకు ముందున్న సీతనే ఇచ్చింది! సీత.పలుకు() అన్నా, విద్యార్థి.పలుకు(సీత) అన్నా ఇక్కడ పైథానుకు ఒకటే. పిలుపులో కుండలీకరణాల బయట నిలిచిన సీతకు, నిర్వచనంలో మొదటి పీట వేసి ఉంచాలి. ఆ పీట పేరే సెల్ఫ్. ‘వచ్చాను’ అన్నప్పుడు ‘నేను’ పలకకపోయినా క్రియ చివర కర్త జాడ ఉండనే ఉన్నది గదా.

సెల్ఫ్‌ను ‘నేను’ అనుకుంటే మాత్రం పొసగదు. క్లాసు రాసే వేళకు ఏ ‘నేనూ’ పుట్టలేదు. ‘తాను’ అన్నదే సరి. తాను.పేరు అంటే సీత ద్వారా పిలిస్తే సీత పేరు, రాముడి ద్వారా పిలిస్తే రాముడి పేరు. పీట వేశాక కూడా ఎవరినీ చూపక విద్యార్థి.పలుకు() అన్నామా, అది కర్త లేని వాక్యం. సెల్ఫ్ లోపించిందని యంత్రం గోల పెడుతుంది.

ఆ పేరైనా ఆచారమే తప్ప భాష విధించిన నియమం కాదు. 2008లో వెలువడిన పైథాన్ 3 నుండి పేర్లను తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. కనుక ఆ పీట మీద ‘తాను’ అనే టైపు చేయించాను. (నలుగురూ చదివే చోట సెల్ఫే మర్యాద. ఆచారాన్ని పండితుడే చెడగొడితే ఎట్లా?)

తెరమీద సీత తన పేరు చెప్పింది. పిల్ల ముఖం తుడుచుకొని రాముణ్ణి కూడా సృష్టించి పలికించింది. ఆపైన, “తాతయ్యా, ఇన్‌హెరిటెన్సు అంటే వారసత్వమేనా?” అని అడిగింది.

రేపు దాయభాగం మొదలుపెట్టాలి.