పన్నెండు సెంటీమీటర్ల సముద్రం

బొమ్మల పుస్తకాల్లో ప్రతి బొమ్మకీ కొలతలు వేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఏళ్ల తరబడి చదవలేదు. దాని ఫలితంగా మా మావయ్యగారి కొత్తింటి హాల్లో ఎనిమిది అడుగుల పొడవున మొహాల్లేని ఆడవాళ్లు కొలువుదీరారు.

అప్పుడు నేను అద్దంకిలో డ్రాయింగ్ మాస్టారుగా కొత్తగా చేరాను. డ్రాయింగులో లోయరూ హయ్యరూ పాసయ్యాను, సెలవుల్లో కొట్లకి బోర్డులు రాసేవాణ్ని. ఊళ్లో నాకంటే రంగు తెలిసినవాడు లేడని గట్టి నమ్మకం. పోటీకి ఎవరూ లేరు గనక అది నిజమే అయ్యుండొచ్చు కూడా.

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు చూస్తూ తిరుగుతుంటే ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, వెనకపేజీలు చెదలు కొట్టాయి, కానీ మధ్యలో రెండు పేజీలకి అడ్డంగా పరుచుకున్న ఒక బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. ఇటలీలో లివోర్నో అనే రేవుపట్నం. సముద్రస్నానాలకు వచ్చినవాళ్లు కూచునే చోట పైన పసుప్పచ్చటి గుడ్డ పందిరి, దాని కింద నీడలో కొందరు ఆడవాళ్లు. వాళ్ల వెనక నీలంగా సముద్రం, దూరంగా కొండలు. అంతే. కళ్లూ ముక్కులూ గీయలేదు. ఒక్కో మనిషీ నాలుగైదు రంగు ముద్దలు. అయినా ఆ ఎండ ఎంతదో, నీడలో చల్లదనం ఎంతదో చూసేవాడి ఒంటికి తెలుస్తుంది. వేసినవాడు జొవాన్ని ఫత్తోరి, 1866లో. బొమ్మ పేరు ‘లా రొటొండా దీ పాల్మియేరి’.

ఇంప్రెషనిస్టు అని నేను అందరికీ చెప్పుకు తిరిగాను. లెక్కకి అది కూడా తప్పే. ప్యారిస్‌లో మోనే వాళ్లు తొలి ప్రదర్శన పెట్టింది 1874లో; ఫత్తోరి దీన్ని అంతకు ఎనిమిదేళ్ల ముందే వేశాడు. ఫ్లోరెన్స్‌లో ఒక కాఫీ హోటల్లో చేరి వాదించుకునే కుర్ర చిత్రకారుల జట్టులో మనిషి. వెలుగునీ నీడనీ గీతలతో కాకుండా పక్కపక్కనే పెట్టిన రంగు మచ్చలతో చూపించాలనేది వాళ్ల పట్టుదల. ఆ మచ్చలు చూసి ఒక పత్రికవాడు ఎగతాళిగా పెట్టిన పేరునే మక్కియాయోలీ అని నెత్తిన పెట్టుకున్నారు. ఇటలీవాడు ఆ 1874 ప్రదర్శనలో లేకపోలేదు. బార్లెట్టా నుంచి వెళ్లిన జుసెప్పే దె నిత్తిస్ బొమ్మలు అందులో ఉన్నాయి. ఫత్తోరికి మాత్రం ఆ ప్యారిస్ పద్ధతి నచ్చలేదు. 1878లో ఆయన స్నేహితుడు మార్తెల్లి, ప్యారిస్ జట్టులోని పిసారో బొమ్మలు రెండు ఫ్లోరెన్స్‌కి తెచ్చి చూపిస్తే జట్టులో చాలామంది పెదవి విరిచారు. అంత చూపున్నవాళ్లూ కళ్ల ముందున్నది చూడలేకపోయారని చదివినప్పుడు, ఒప్పుకోవాలి, నాకు కాస్త సంతోషం వేసింది.

సరే, మావయ్య సంగతి. మిరప వ్యాపారంలో నాలుగు డబ్బులు చేసుకుని కొత్త ఇల్లు కట్టారు. హాలంతా నల్ల గ్రానైట్. ఒక గోడ ఖాళీగా ఉంది.

“అల్లుడూ, మన కల్లం బొమ్మ ఒకటి వెయ్యరా. గోడ నిండాల” అన్నారు.

గోడ నిండటం నాకూ ఇష్టమే. పైగా నా దగ్గర రొటొండా ఉంది. అంత సముద్రం, అంత ఆకాశం, అంత పందిరి ఉన్న బొమ్మ అసలుది ఎంత ఉంటుంది? తక్కువలో తక్కువ గోడంత ఉంటుందని తీర్మానించేశాను. దాన్నే మన మిరప కల్లానికి మారుస్తాను, పందిరి బదులు వేపచెట్టు కింద కట్టిన పట్టా, సముద్రం బదులు ఆరబోసిన కాయ, కొండల బదులు శింగరకొండ. పథకం ఇప్పటికీ చెడ్డది కాదనే అంటాను.

ఎనిమిది అడుగుల పొడవు, రెండడుగుల ముప్పావు ఎత్తు. కాన్వాసు బిగించడానికే వడ్రంగి రోజంతా తీసుకున్నాడు. వేసవి సెలవులన్నీ ఇంట్లో ట్యూబులైటు కింద వేశాను. కల్లానికి వెళ్లలేదు. ఎందుకు వెళ్లాలి, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే కదా! కాయ ఎరుపు తెలుసు, నీడ నలుపు తెలుసు, నల్లరేగడి సంగతి దాని పేరే చెప్తుంది. నల్ల ట్యూబులు ఎన్ని పిండానో లెక్కలేదు.

ఫత్తోరి బొమ్మలో వేలెడంత వెడల్పున మెరిసిన పసుపు పట్టీ నా కాన్వాసు మీద అడుగు వెడల్పైంది. అయ్యేసరికి వెల్ల వేసిన ప్రహరీగోడలా పడుకుంది. దానికి ప్రాణం పోద్దామని మళ్లీ మళ్లీ పూశాను. ఎంత పూస్తే అంత గోడైంది. మనుషులు మరీ ఘోరం. పుస్తకంలో గింజంత ముఖానికి కళ్లు లేకపోతే ఎవడికీ పట్టదు. జానెడు ముఖానికి కళ్లు లేకపోతే పడుతుంది.

గృహప్రవేశానికి వచ్చినవాళ్లు మర్యాదస్తులు. “బాగుందయ్యా” అన్నారు, తర్వాత దగ్గరికెళ్లి “ముఖాలు ఇంకా వెయ్యాలా?” అనడిగారు. అత్తయ్య మాత్రం నాలుగు రోజులకే తేల్చేశారు. “రాత్రి మంచినీళ్లకని లేస్తే వీళ్లు ఏందిరా అట్టా కూచోనుంటారు, నాకు గుండె జారిపోతంది.” నేను నిచ్చెన వేసుకుని అందరికీ కళ్లూ ముక్కూ పెట్టాను. అప్పుడు వాళ్లంతా అత్తయ్యనే చూడ్డం మొదలెట్టారు. మరుసటి ఎండాకాలానికల్లా బొమ్మ హాల్లోంచి గోదాముకి, గోదాములోంచి పడమటి వరండాకి చేరింది. ఎండ పడకుండా అడ్డం కట్టారు. ఆ పని అది చక్కగా చేసింది.

పల్లెటూరివాళ్లకి ఇంప్రెషనిజం ఏం తెలుస్తుందని నేను చాలాకాలం బాధపడ్డాను. ఇందులో బాధకంటే పొగరు ఎక్కువ. మీకూ ఇలాంటి కాలం ఒకటి ఉండే ఉంటుంది.

ఆ తర్వాత చాన్నాళ్లకి తొమ్మిదో తరగతికి స్కేలు ప్రకారం పెంచి గీయడం చెబుతూ, గొప్పకోసం ఆ పుస్తకం పట్టుకెళ్లాను. ముందు బెంచీ పిల్ల లేచి, “సార్, అసలుది ఎంతుంటుంది?” అంది. పెద్దదమ్మా, చాలా పెద్దది అన్నాను. “ఎంత పెద్దది సార్?” అంది. లెక్క అడిగే పిల్లలతో ఇదే చిక్కు. పుస్తకం తిరగేశాను. చెదలు వదిలేసిన చివరిపేజీలో బొమ్మల జాబితా ఉంది. ఎత్తు 12, పొడవు 35. మీటర్లేమో అనుకున్నాను, నిజం చెప్తున్నా, ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. పైన సెంటీమీటర్లని అచ్చేసి ఉంది.

చేతిలో చెక్క స్కేలు ఉంది. అది ముప్పై. దానికి ఇంకో అయిదు కలిపితే ఆ సముద్రం మొత్తం పొడవు. ఎత్తు జానలో సగం. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో పేపరు తీసుకుని ఆ కొలతకి కత్తిరించాను. కత్తిరించిన ముక్కని బల్ల మీద పెట్టి చూస్తూ కూచున్నాను. పక్కన లెక్కల మాస్టారు “ఏంటండీ అది?” అంటే చెప్పలేకపోయాను. నా కాన్వాసులో అలాంటివి దాదాపు యాభై పడతాయి. ఒక గుక్కెడు మాటని యాభైసార్లు అరిచి చెప్పాను, ఎవరికీ వినపడలేదని ఊరిని తిట్టుకున్నాను.

ఫత్తోరికి పెద్ద బొమ్మ చేతకాక చిన్నది వేశాడని సరిపెట్టుకోబోయాను. అదే పుస్తకం ఆ దారీ మూసేసింది. మజెంటా యుద్ధం తర్వాత ఇటలీ సైన్యపు విడిది అని ఆయనదే ఇంకో బొమ్మ, పోటీలో గెలిచింది, 232 సెంటీమీటర్ల ఎత్తు, 348 సెంటీమీటర్ల పొడవు. దాని పక్కన నా ఎనిమిదడుగులు చిన్నపిల్ల. అంటే ఆయన రెండూ వేయగలడు. యుద్ధానికి గోడంతా తీసుకున్నాడు, పందిరి నీడకి చెక్కముక్క చాలన్నాడు.

ఎందుకు చాలన్నాడో తెలియాలంటే నేను కల్లానికి వెళ్లాల్సి వచ్చింది. ఆ జట్టువాళ్లు చుట్టల పెట్టెల మూతల మీద కూడా వేసేవాళ్లని చదివి, పళ్లపెట్టె చెక్క ఒకటి కోయించి, ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. మార్చి నెల, పదకొండు గంటలవేళ. తాలు ఏరే ఆడవాళ్లు పాత చీరతో కట్టిన పందిరి కింద ఉన్నారు. ఘాటుకి తుమ్మి తుమ్మి కళ్లు తుడుచుకుని చూస్తే, కాయ మీద పడ్డ నీడలో నలుపు ఎక్కడా లేదు. వంకాయ రంగు. అంచుల్లో పైన కట్టిన చీర పచ్చ కాస్త దిగి ఉంది. ఆ పక్క చేలో నల్లరేగడి ఎండకి బూడిద పూసినట్టు తెల్లగా పగిలి ఉంది. నేను రంగు కలిపి బ్రష్ ఎత్తేసరికి నీడ బెత్తెడు జరిగింది. ఇంకాసేపటికి ఆడవాళ్లే జరిగారు, నీడతోపాటు.

పెద్ద కాన్వాసు ఆ వేగాన్ని అందుకోలేదు. ఒక మూల నింపేలోపు రెండో మూలలో ఇంకో పూట వచ్చేస్తుంది. అరచెయ్యి రెండింతలున్న చెక్క అయితే నీడ జరిగేలోపు కానిచ్చేయొచ్చు, ఒక్క ఊపులో పెట్టిన పట్టీని మళ్లీ కెలకక్కర్లేదు. లివోర్నోలో ఫత్తోరి భార్య సెత్తిమియా క్షయతో ఉంది. ఆమెకి తోడుగా ఉంటూ ఆ రోజులు గడిపాడు, 1867లో ఆమె పోయింది. అలాంటి మనిషికి సముద్రం ఒడ్డున ఎంత తీరిక దొరుకుతుంది? నేనైతే ఒక వేసవి మొత్తం తీరిగ్గా కూచుని, కిటికీ అవతల ఉన్నదాన్ని చూడకుండా వేశాను. సైజు తప్పు పైకి కనిపించేది. అసలు తప్పు ఇది, తెలిసినదే కదా అని వెళ్లకపోవడం.

అద్దంకివాడినై ఉండి, చిన్నదైనా చాలునన్న సంగతి నాకు తట్టకపోవడం మరీ విడ్డూరం. అద్దంకి పేరు సాహిత్యచరిత్రలో మొదటిపేజీల్లో ఉండేది పండరంగడి శాసనం వల్ల, క్రీ.శ. 848. ఆ రాతిమీద ఉన్న పద్యం ఒక్కటంటే ఒక్క తరువోజ.

తర్వాత రాజమండ్రి వెళ్లినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లాను. ఈసారి బొమ్మకంటే ముందు దాని కింద కొలతల చీటీ వెతికాను. కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర చేరదీసి దారి చూపిస్తే బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని వచ్చి, 1925లో మశూచితో పోయేనాటికి ఆయన వయసు ఇరవై ఏడు. ఆ వయసులో నేను నిచ్చెన ఎక్కి మిరప కూలీలకి ముక్కులు పెడుతున్నాను.

ఇప్పుడు పుస్తకం కూడా అక్కర్లేదు, ఫోన్లో ప్రపంచంలోని బొమ్మలన్నీ వస్తున్నాయి. మజెంటా యుద్ధమూ రొటొండా అందులో ఒకే సైజు, మీ అరచెయ్యంత. అసలు రొటొండా ఉన్న ఫ్లోరెన్స్ పిట్టి ప్యాలెస్ దాకా మనం వెళ్లకపోవచ్చు. ఈ పూట పాత పేపరొకటి తీసుకుని 12కి 35 కత్తిరించి, మీ హాల్లో గోడకి అంటించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి.