చెవి నేర్చుకున్న అందం

బోస్టన్‌లో మేముండే వీధిలోనే ఒక వయొలిన్ టీచర్ ఉంటారు. ఉద్యోగ జీవితమంతా పిల్లలకు పాశ్చాత్య సంగీతం నేర్పి రిటైరయ్యారు. కిందటేడు ఇక్కడి త్యాగరాజ ఆరాధనకు ఆవిడను పిలిచాను. కచేరీ సాగినంతసేపూ వయొలిన్ వాయిస్తున్న అమ్మాయి ఎడమ చెయ్యినే చూస్తూ కూర్చున్నారు. బయటికొచ్చాక, "ఆ అమ్మాయి వేలు ఒకచోట నిలవదేం? నా దగ్గర వేలు అలా జారితే ఆపి మళ్లీ వాయించమనేదాన్ని" అన్నారు.

ఆ మాటలో చులకన లేదు. స్వరం సూటిగా, స్థిరంగా నిలిస్తేనే అందమని ఏళ్ల తరబడి సాధన చేసిన చెవి అది. ఆవిడకు కుదురులేనితనంగా వినిపించిందే మనకు ప్రాణం. తోడి రాగంలో గాంధారాన్ని కీబోర్డు మీద నొక్కి వదిలేస్తే తోడి పలకదు. ఆ స్వరం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగితేనే రాగం నిలబడుతుంది.

ఆ గమకం కోసమే మనవాళ్లు వయొలిన్‌ను పట్టుకునే తీరు మార్చేశారు. వాద్యం యూరప్ నుంచి వచ్చినదే. దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ పేరు ముందుగా చెబుతారు. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనిస్తే ఎడమ చేతి మీద బరువుండదు. వేళ్లు తీగ పొడవునా హాయిగా జారతాయి. ఒకే వాద్యంతో రెండు జాతులు రెండు రకాల అందాన్ని పలికించుకున్నాయి.

ఇక నా సంగతి. ఇక్కడి సింఫనీ హాల్‌లో మొదటిసారి బ్రామ్స్ విన్నప్పుడు నా చెవి పైనున్న ఒక్క వరుసనే పట్టుకుని వెళ్లింది. రాగం కోసం వెతికాను, దొరకలేదు. ఆ మాట చెబితే ఆవిడ నన్ను పియానో దగ్గర కూర్చోబెట్టారు. పైన షడ్జం అలాగే ఉంచి, దాన్ని మొదట గ, పలతో కలిపి వాయించారు. ఇల్లు చేరినట్టనిపించింది. తర్వాత మ, ధలతో కలిపారు. తలుపు తెరుచుకున్నట్టయింది. చివరికి ధ, గలతో కలిపేసరికి అదే షడ్జంలో దిగులు కమ్ముకుంది. మన స్వరం తాను కదిలి భావం పలికిస్తుంది. వాళ్ల స్వరం కదలకుండానే, చుట్టూ ఉన్నవి మారితే భావం మారిపోతుంది. ఒకదానిలో రెండోదాన్ని వెతికితే శూన్యమే మిగులుతుంది.

అయితే ఆ మూడు స్వరాల పొందిక అందరికీ పుట్టుకతోనే ఇంపుగా ఉంటుందా? 2016లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన కాదంటోంది. ఇక్కడి ఎం.ఐ.టి.కి చెందిన జాష్ మెక్‌డెర్మాట్ బృందం బొలీవియా అడవుల్లో నివసించే త్సిమానే ప్రజలకు పొందికైన స్వరాల జతలూ, పొసగని జతలూ వినిపించింది. వాళ్లకు రెండూ ఒక్కలాగే నచ్చాయి. అదే దేశంలోని పట్టణాలవాళ్లు పొందికైనవాటి వైపు కొంత మొగ్గారు. అమెరికన్లు బాగా మొగ్గారు, వాళ్లలోనూ సంగీతజ్ఞులు మరీ ఎక్కువ. త్సిమానేల సంగీతంలో స్వరాలను కలిపి పలికించే అలవాటు లేదు. వినని అందం చెవికెలా తెలుస్తుంది?

తాళం సంగతీ అంతే. ఎరిన్ హానన్, శాండ్రా ట్రెహబ్ 2005లో ప్రచురించిన అధ్యయనాల్లో, బాల్కన్ దేశాల అసమాన లయల్లో తేడా వస్తే ఉత్తర అమెరికాలోని 6 నెలల పిల్లలు పసిగట్టారు. మన మిశ్రచాపులాగా ఏడు మాత్రలు మూడుగా, నాలుగుగా విరిగే లయలు అక్కడ మామూలు. ఏడాది నిండేసరికి పిల్లల్లో ఆ శక్తి తగ్గింది. కొద్దికాలం ఆ సంగీతం వినిపిస్తే వాళ్లకు తిరిగొచ్చింది. అంతే వినిపించినా పెద్దలకు రాలేదు.

ఇదంతా మా ఇంట్లోనే చూస్తున్నాను. ఇళయరాజా పాట వస్తే నేను పల్లవి వెంట వెళతాను. ఇక్కడే పుట్టి, స్కూల్ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించే మా అమ్మాయి కింద నడిచే బేస్ గిటార్‌ను వింటుంది. ఒకే పాటలో ఇద్దరికీ చెరో అందం దొరుకుతుంది. మా అబ్బాయి అదే ఇంట్లో పెరిగినా వాడి ఇష్టాలు వేరు. పెంపకమే అంతా కాదు, మనిషి స్వభావం కూడా ఉంది. మిగతా సుఖాలన్నీ మామూలుగానే అనుభవిస్తూ, సంగీతంలో మాత్రం ఆనందం కలగనివాళ్లున్నారని బార్సిలోనా పరిశోధకులు 2014లో చూపించారు. వాళ్లను రసహీనులనడం అన్యాయం.

నచ్చకపోవడం ఎవరి హక్కు వాళ్లది. కానీ "అందులో ఏముంది?" అని తీర్పు చెప్పే ముందు, అందులో దేన్ని వినాలో తెలుసుకోవాలి. పసివాళ్ల చెవి వింటూ వింటూ దారి చేసుకుంటుంది. పెద్దవాళ్లకు పక్కన ఒక మనిషి కూర్చుని చూపించాలి. మన ఆరాధనలకు వచ్చే అతిథులకు కీర్తనల అర్థం అచ్చువేసి ఇస్తున్నాం, మంచిదే. దానికన్నా ముందు ఎవరైనా వేదిక మీద గాంధారాన్ని ఒకసారి సాదాగా, ఒకసారి తోడి గమకంతో పాడి వినిపించాలి. ఈ ఏడు మా సంఘంలో ఆ పని నేనే ఎత్తుకుంటున్నాను. మొదటి వరుసలో మా టీచరుగారికి కుర్చీ కూడా అడిగాను.