బుడమేటి నీట మునిగిన రేడియో

అరచేతిలో నిముడు యంత్రమున లోకమంతయు వినవచ్చుచున్న యీ దినములలో, మూడడుగుల యెత్తు గల కఱ్ఱబీరువా వంటి రేడియోను వెల యిచ్చి కొనుట పిచ్చిపని యని నా యింటివారును మిత్రులును నొక్కమాటగా చెప్పిరి. నేను కాదనలేదు. అయినను 2024వ సంవత్సరము చివర విజయవాడ వన్‌టౌనులోని యొక పాతసామానుల దుకాణమున అట్టిదానిని 1,800 రూపాయలకు కొంటిని.

అంత చవుకగా దొరకుటకు కారణము దాని యొంటిమీదనే కనబడుచుండెను. పైమూతకు నాలుగంగుళముల దిగువ, నలువైపుల నొకే మట్టమున నొక మట్టిగీత. ఆ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి సింగునగరు మొదలగు పేటలను ముంచిన సంగతి చదువరు లెఱుగుదురు. అప్పుడే కృష్ణలో ప్రకాశం బ్యారేజీ యొద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు పాఱెను. మేడలపై చిక్కుకొన్నవారికి పడవలమీదను, డ్రోనుల తోడను అన్నపు పొట్లములు చేరవేసిరి. నీరు తీసిన పిదప వీధుల వెంబడి పఱుపులు, పుస్తకములు, బీరువాలు గుట్టలు గుట్టలుగా పడియుండెను. ఆ గుట్టలలోనిదే యీ రేడియో.

ఇట్టి పెట్టెల కొకప్పుడు గొప్ప మర్యాద యుండెడిది. 1938 జూను 16వ తేదీన మద్రాసు రేడియో కేంద్రము వెలసినది మొదలు మన డెల్టావారికి తెలుగుమాట ఆ దూరమునుండియే గాలిలో రావలసియుండెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైన తరువాత గాని మన యూరి గొంతు మన యింట వినబడలేదు. రేడియో గలవా రేటేట తపాలా కచేరీలో రుసుము చెల్లించి లైసెన్సు పుచ్చుకొనెడివారు. లేనివారు గలవారి యరుగులమీద గూర్చుండెడివారు. బాలాంత్రపు రజనీకాంతరావుగారి పేరుతో ముడివడిన భక్తిరంజనియు, ఆదివారములందు ఉషశ్రీగారి రామాయణ భారత ప్రసంగములును విన్న చెవులు మన జిల్లాలో నింకను పెక్కు గలవు.

పెట్టె యింటికి వచ్చిన దినముననే దానిని కరెంటునకు తగిలింపవలెనని మా పిల్లలు తొందరపడిరి. గవర్నరుపేటలో పూర్వము రేడియోలు బాగుచేసి యిప్పుడు విశ్రాంతిలో నున్న యొక వృద్ధ మిస్త్రీగారు మాత్రము, "బాబూ, ఇది నీరు త్రాగిన మనిషి వంటిది. ముందు ఆరనిమ్ము. తరువాత మాటాడింపవచ్చును" అనిరి. ఎండలో నుంచిన సరేసు విడి, పైకఱ్ఱ పొరలుగా లేచును గనుక నీడలోనే నెల దినము లారబెట్టితిమి.

మాకు గల పెద్ద భయము ట్రాన్సుఫార్మరును గూర్చి. తక్కిన భాగములకు బదులు దొరకును గాని, దాని తీగచుట్టలలో తేమ నిలిచి కాలిపోయినచో పెట్టె వట్టి కఱ్ఱయే. మిస్త్రీగారు దానిని విప్పి, అట్టపెట్టెలో నొక 60 వాట్ల దీపము ప్రక్కన నుంచి రాత్రింబవళ్లు సన్నని వేడి తగులనిచ్చిరి. మెగ్గరుతో పరీక్షింపగా మొదటి దినమున చుట్టలకును ఇనుమునకును నడుమ నిరోధ మొక మెగోము కూడ లేదు. పదునైదవ దినమున 50 దాటినది. ఆ పూట మేము కాఫీ రెండు మారులు త్రాగితిమి.

వాల్వులు గాజుబుడ్లు గనుక లోపల తడియవు. అయితే వాటిపై నచ్చు వేసిన పేర్లు తడిగుడ్డకు సైతము చెఱగిపోవును. అందుచే బురద తుడుచుటకు ముందే, నోటి యావిరి యూది, మసకలో కనబడిన యక్షరములను కాగితమున వ్రాసికొంటిమి: ఇ.సి.హెచ్. 81, ఇ.బి.ఎఫ్. 89, ఇ.సి.ఎల్. 82, ఇ.ఎం. 81, ఇ.జడ్. 80. ఈ పేర్లు గాలికి పెట్టినవి కావు. మొదటి "ఇ" యనగా లోని తంతువునకు 6.3 వోల్టులు కావలెనని, "సి" ట్రయోడు, "ఎల్" స్పీకరును నడపగల పెంటోడు, "ఎం" స్టేషను సరిగా దొరకినదో లేదో చూపు పచ్చని కన్ను, "జడ్" కరెంటును ఏకముఖముగా చేయునది, 80లలోని యంకె తొమ్మిదికాళ్ల పీఠమునకు గుర్తు. బాలురు రసాయనశాస్త్రపు సంకేతములు వల్లించినంత సులభముగా దీనిని నేర్వవచ్చును.

కాగితపు కండెన్సర్ల నన్నిటిని మార్చితిమి. వానిలో నొకటి ముఖ్యము. ట్రయోడునుండి పెంటోడు గ్రిడ్డునకు పాట నందించుచు, వెనుకనున్న పెద్ద వోల్టేజి నాపవలసినది యదియే. అది కొంచెము కారినను పెంటోడు ఎఱ్ఱబాఱి చచ్చును. మా పెట్టెలో నట్లే చచ్చియుండెను. మిస్త్రీగారి రేకుడబ్బాలో బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్సువారు చేసిన యొక ఇ.సి.ఎల్. 82 దొరకుట మా యదృష్టము. స్పీకరు కాగితము వంకరపోగా క్రొత్తది యంటించితిమి. మొదటిసారి కరెంటు నిచ్చునప్పుడు వరుసలో నొక దీపము తగిలించితిమి. లోపల షార్టున్నచో ఆ దీపము ధగధగ మండును. అది యొక్కక్షణము వెలిగి మందగించినది. పిదప పచ్చని కన్ను మసకగా తెఱచుకొనెను. మీడియము వేవులో నిప్పటి యెల్.ఇ.డి. దీపముల గుఱ్ఱుమను రొద మెండు. అన్ని దీపములు నార్పిన రాత్రి దూరపు కేంద్ర మొకటి పలికినది.

ఇంతవఱకు యంత్రపు మాట. పైమూత లోవైపున, నీరంటని చోట, పెన్సిలుతో నెవరో చక్కని దస్తూరిలో వ్రాసికొన్న పట్టిక నాకు నిద్ర పట్టనీయలేదు. "1961 – ఫ్యూజు. 1966 – కన్ను. 1973 – స్పీకరు." ఇట్లు 1984 వఱకు. ఇంత శ్రద్ధగా సాకినవా రిచ్ఛాపూర్వకముగా పాఱవేసియుందురా? దుకాణదారు నడిగి, బండివాని నడిగి, సింగునగరులో నా యిల్లు కనుగొంటిని. తీసికొనిపోయి యిచ్చివేయవలసి వచ్చునేమో యని దారి పొడుగునను దిగులుగానే యుండెను. ఇచ్చుటయే న్యాయమనియు తోచుచుండెను.

తలుపు తీసినది యెనుబది దాటిన ముసలమ్మగారు. పట్టిక ఆమె భర్తది. ఆయన పోయి చాల యేండ్లయినది. బురద యెత్తించునప్పుడు కుమారుడు దానిని బండి కెక్కించెనట. ఆమె నన్నడిగిన మొదటిమాట, "నాయనా, ఆ పచ్చకన్ను వెలిగినదా?"

"వెలుగుచున్నది మామ్మగారూ, కాని మసక."

"ఆయన ఉన్నప్పుడే మసక" అని నవ్వెను.

మఱుసటి యాదివారము పెట్టెను ఆటోలో నామె యింటికి చేర్చితిని. వెనుక గ్రామఫోను తగిలించుటకుంచిన రంధ్రములకు నా ఫోను కలిపి, ఉషశ్రీగారి ప్రసంగము పెట్టితిని. ఇది రేడియో కేంద్రమునుండి వచ్చుట లేదు, పాత రికార్డని ముందే చెప్పితిని. "తెలియును లే" అని, ఆమె పెట్టె ప్రక్కన నేలమీదనే కూర్చుండి అంతయు వినెను. కుమారుడు గుమ్మములో నిలువబడి వినెను, ఒక్కమాట యాడలేదు.

"మామ్మగారూ, ఇది యిక్కడనే యుండనిండు" అంటిని.

ఆమె గోడవైపు చూపెను. క్రొత్త సున్నము క్రిందను నీటిమట్టపు చాఱ కనబడుచునే యున్నది. "ఇక్కడ వద్దు. నీ వుండు చోటు మెఱక గదా, అచ్చటనే యుంచుము. పండుగ కొకసారి వినిపింపుము." పిదప మూత యెత్తించి, పట్టిక పొడవున వ్రేలు జరిపి, 1984 క్రింద నాగి, పెన్సిలు తెమ్మని కుమారుని కేక వేసెను. ఏమి వ్రాయవలెనని అడిగితిని. "ఏమేమి మార్చితివో అది వ్రాయుము. ఆయన అదే వ్రాసెడివారు." 2025 అని వ్రాసి, దాని ప్రక్కన కండెన్సర్లు, ఒక వాల్వు, స్పీకరు కాగితము అని చేర్చితిని.