ఇంటి కింద మూడు ట్యాంకులు

బండి తాళాలు చేతికిచ్చే ముందు ఆ కుర్రవాడు రెండున్నర గంటలసేపు మాకు పాఠం చెప్పాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. బండి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క తలుపే తెరిచి, ఇది నీళ్ళు పట్టుకొనే చోటు, ఇది గ్యాసు వాల్వు, ఇది బ్యాటరీని విడదీసే స్విచ్చి, ఇవి ఫ్యూజులు, ఇది ఎప్పుడూ తెరిచి పెట్టకండి, ఇది ఎప్పుడూ మూయకండి అంటూ... నేను ప్రతిదానికీ తల ఊపాను. అర్థం కానిదానికి అర్థమైనట్టు తల ఊపడం, ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు బాగా పట్టుబడిన విద్య. మా శ్రీమతి మాత్రం చేతిసంచిలోంచి రూళ్ళ పుస్తకం ఒకటి తీసి, పైన శ్రీరామ చుట్టి, అతడు చెప్పినదంతా తెలుగులో రాసుకొంది. తరువాత మేము గట్టెక్కినదంతా ఆ పుస్తకం పుణ్యమే.

ఈ వయసులో మోటారు ఇల్లేమిటని మీరడగవచ్చు. మా పిల్లలూ అడిగారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాసును మంచుతుఫాను ముంచెత్తినప్పుడు డాలస్ దగ్గర మా ఇంట్లో మూడు రోజులు కరెంటు లేదు. రెండో రోజున నీళ్ళూ ఆగిపోయాయి. నాలుగు పడకగదుల ఇంట్లో, ఉన్న రగ్గులన్నీ కప్పుకొని కూర్చొన్నప్పుడు ఆవిడ అన్నది: "ఇంత ఇల్లు కట్టుకొన్నాం, ఇందులో మనదంటూ ఒక్క చెంబెడు నీళ్ళు లేవు." ఆ ఏడాదే నేను ఉద్యోగం మానేశాను. మరుసటి ఏడాది ఇరవైనాలుగు అడుగుల ఈ బండి కొన్నాము. సొంత నీళ్ళు, సొంత గ్యాసు, సొంత కరెంటు. పైగా ఆవిడకు బయటి తిండి సరిపడదు. రోడ్డు పక్కన బండి ఆపి చారూ అన్నం వండుకోవచ్చునన్నది మరో ఆకర్షణ.

ఆవిడ పుస్తకంలో మొదటి పేజీ ట్యాంకులది. బండి అడుగున మూడున్నాయి. మొదటిదానికి "మంచినీళ్ళు" అని రాసింది, దాదాపు నూట యాభై లీటర్లు. వంటింటి సింకులోంచి, స్నానాలగదిలోంచి పోయే నీళ్ళు చేరేదానికి "మురుగునీళ్ళు" అని రాసింది. మూడోదానికి పేరు రాయలేదు. "ఆ మూడోది" అని మాత్రం ఉంది. ఆ పేజీలో సగం ఖాళీగా వదిలేసింది.

మొదటి పొరపాటు ఇంటి ముందరే జరిగింది. నీళ్ళు కాచే హీటరు గ్యాసుతోనూ నడుస్తుంది, బయటి కరెంటుకు కలిపినప్పుడు కరెంటుతోనూ నడుస్తుంది. శీతాకాలంలో గొట్టాలు పగలకుండా గులాబీరంగు ద్రవమొకటి నింపుతారు. అది హీటరులోకి పోకుండా నీటిని పక్కదారి పట్టించే వాల్వు ఒకటి వెనకాల ఉంటుంది. బండి మా చేతికి వచ్చేసరికి ఆ వాల్వు పక్కదారిలోనే ఉన్నది. కుళాయి తిప్పితే చన్నీళ్ళు ధారాళంగా వచ్చాయి గనుక హీటరు నిండే ఉంటుందని తీర్మానించి స్విచ్చి వేశాను. ఖాళీ హీటరులో ఎలిమెంటు మాడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. శ్రీమతి పుస్తకం తెరిచి చూపింది: "పక్కదారి వాల్వును మామూలు దారికి తిప్పి, ఆపైన వేడినీళ్ళ కుళాయి తిప్పి చూడాలి. అందులోంచి నీళ్ళు వచ్చాకే స్విచ్చి." నేను తల ఊపిన సంగతుల్లో అదీ ఒకటి.

అప్పటినుంచి బుద్ధిగా చదవడం మొదలుపెట్టాను. వృత్తిరీత్యా ఇంజనీరునే కాని, నేను చేసినదంతా కంప్యూటరు ప్రోగ్రాములు రాయడమే. చేతికి మసి అంటిన ఇంజనీరును కాను. ఈ బండిలో రెండు రకాల కరెంటు ఉంటుందన్న మాటే తలకెక్కడానికి వారం పట్టింది. దీపాలు, నీళ్ళ పంపు, గ్యాసు కారితే మొత్తుకొనే యంత్రం, ఇవన్నీ పన్నెండు వోల్టుల బ్యాటరీమీద నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవు వంటివాటికి ఇంట్లోలాగా నూట ఇరవై వోల్టులు కావాలి. అంటే బయటి ప్లగ్గయినా ఉండాలి, జనరేటరయినా తిప్పాలి. గ్యాసు యంత్రాన్ని నేలకు జానెడెత్తున ఎందుకు బిగించారో కూడా అప్పుడే తెలిసింది. ప్రొపేను గాలికంటే బరువైనది, కారితే నేలమీదకు దిగి పరుచుకొంటుంది. ఇక మా ఫ్రిజ్ పాతకాలపు పద్ధతిది; మంట పెడితే చల్లబడుతుంది! అందులో తిరిగే యంత్రమేదీ లేదు. అమ్మోనియాను వేడిచేస్తే అది ఆవిరై, మళ్ళీ ద్రవమై, గొట్టాల్లో తనంతట తానే తిరుగుతుంది. 1922లో స్టాక్‌హోములో ఇద్దరు విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, మంటెర్స్ అనేవారు, కనిపెట్టిన ఉపాయం. బండి ఒక పక్కకు ఒరిగి నిలిస్తే మాత్రం ఆ ద్రవం ఎక్కడిదక్కడ నిలిచిపోయి ఫ్రిజ్ పాడవుతుంది. అందుకని ఎక్కడ ఆపినా చక్రాల కింద దిమ్మలు పెట్టి మట్టం చూడాలి. మా శ్రీమతి వేయించిన పల్లీ ఒకటి బల్లమీద పెట్టి, అది దొర్లకపోతే సరే అంటుంది. మట్టసపు బిళ్ళకన్నా అదే నయం.

నవంబరులో మొదటి పెద్ద ప్రయాణం పెట్టుకొన్నాము. రెండు రోజులు నడిపి, ఎల్ పాసో, డెమింగ్ మీదుగా న్యూ మెక్సికోలోని సిటీ ఆఫ్ రాక్స్ అనే పార్కుకు చేరాము. ఎప్పుడో కోట్ల ఏళ్ళనాడు అగ్నిపర్వతం కక్కిన బూడిద గట్టిపడి, గాలికీ వానకూ కరిగి, ఇప్పుడు ఎడారి మధ్య రాతి ఇళ్ళ ఊరులాగా నిలిచి ఉన్నది. మాకు దొరికినది కరెంటు లేని చోటు. అదే కావాలని వెళ్ళాము కూడా. చుక్కల గురించి రాయాలంటే మరో వ్యాసమవుతుంది.

తెల్లవారుజామున మూడింటికి చలికి మెలకువ వచ్చింది. ఫర్నేసు ఆగిపోయింది. గ్యాసు చూస్తే ముప్పాతిక వంతు ఉన్నది. మళ్ళీ మళ్ళీ వెలిగించాను. ఫ్యాను మూలిగింది, అంతే. చేతిదీపం పట్టుకొని శ్రీమతి పేజీలు తిప్పింది. "వేడి గ్యాసుదే, గాలి బ్యాటరీది" అని ఉన్నది ఒకచోట. అదీ సంగతి! గ్యాసు ఎంత ఉన్నా ఆ వేడిని తోసే ఫ్యాను బ్యాటరీమీద తిరగాలి. బ్యాటరీ నీరసించి ఫ్యాను నెమ్మదిస్తే లోపలి రేకు స్విచ్చి కలవదు; అది కలవకపోతే గ్యాసు వాల్వు తెరుచుకోదు. గాలి ఆడని పొయ్యి మండకుండా అది కాపలా. సాయంత్రం నుంచి దీపాలన్నీ వేసుకొని కూర్చొన్నది నేనే. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడరాదని, దాదాపు పన్నెండు వోల్టులకు దిగిందంటే సగమైపోయినట్టేనని, చలిలో దాని శక్తి మరింత తగ్గుతుందని ఆ తరువాత చదువుకొన్నాను. రాత్రివేళ జనరేటరు తిప్పరాదన్నది అక్కడి నియమం. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకొని, మళ్ళీ అదే ఫిబ్రవరిలాగా, తెల్లవారేదాకా కూర్చొన్నాము. ఈసారి తేడా ఏమిటంటే, ఎందుకు ఆగిందో మాకు తెలుసు. పొయ్యిమీద కాఫీ కాచుకొన్నాము కూడా.

నీటి విషయంలో మాత్రం ఆవిడ ముందు నేను శిష్యుణ్ణి. అనంతపురం జిల్లా ఆడపడుచు. చిన్నతనంలో వంతులవారీగా బిందెలు పెట్టుకొన్న మనిషి. ఇద్దరి గిన్నెలూ లీటరున్నర నీటిలో కడిగేస్తుంది. ముందు కాగితంతో తుడిచి, ఒక గిన్నెలో తొలిచిన నీళ్ళను రెండోదానిలోకి వంచుతూ. ఇంట్లో ఆవిడ కుళాయి సన్నగా తిప్పుకొంటే, ఇంకా ఆ కరువు బుద్ధి పోలేదని ముప్పై ఏళ్ళు వేళాకోళమాడిన వాణ్ణి నేనే. ఆ నూట యాభై లీటర్లూ మాకు నాలుగు రోజులు వచ్చాయంటే నా గొప్ప కాదు.

ఇక ఆ మూడోది.

చలికి భయపడి అక్కడినుంచి లాస్ క్రూసెస్ వెళ్ళి, కరెంటు, నీళ్ళు, మురుగుగొట్టం అన్నీ ఉన్న చోటొకటి నాలుగు రోజులకు తీసుకొన్నాము. ఇక్కడ నేనొక తెలివైన పని చేశాను. గొట్టం ఎలాగూ నేలలోకి కలిపి ఉన్నది కదా, ఇంట్లోలాగా ఎప్పటిదప్పుడు పోతుందని మూడో ట్యాంకు వాల్వు తెరిచే ఉంచాను. కుర్రవాడు ఇది ఎప్పుడూ తెరిచి పెట్టకండి అన్నది సరిగ్గా దీన్నే. పోయేది ద్రవం మాత్రమే. మిగిలినది అడుగున చేరి గుట్టగా ఎండిపోతుంది. నాలుగో రోజు సాయంత్రానికి లోపలి దారి మూసుకొన్నది. ట్యాంకులో ఎంత ఉన్నదో చూపే దీపాలను నమ్మడానికి లేదు. ఎక్కడో కాగితం ముక్క అంటుకొంటే చాలు, అవి ఎప్పుడూ నిండిందనే అంటాయి.

నేను గొట్టం ముందు మోకాళ్ళమీద కూర్చొని ఉండగా పక్క బండిలోని పెద్దాయన వచ్చాడు. నవ్వలేదు, ముక్కు మూసుకోలేదు. వాల్వు మూసెయ్యి, బకెట్లతో నీళ్ళు పొయ్యి, గిన్నెలు తోమే సబ్బు కాస్త వెయ్యి, రాత్రంతా నాననియ్యి, పొద్దున కాస్త దూరం బండి తిప్పుకొనిరా అన్నాడు. మొదటి ఏడాది అందరికీ ఇది అవుతుందిలే అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి పది బకెట్లకు పైగా మోశాను. పొద్దున ఊళ్ళో ఒక చుట్టు తిరిగివచ్చి, తొడుగులు వేసుకొని, గొట్టం తగిలించి వాల్వు లాగాను. కదిలింది. గొట్టం మొదట్లో అద్దంలాంటి ముక్క ఒకటి ఉంటుంది, లోపల ఏం పోతున్నదో కనపడేందుకు. తేటబడేదాకా చూస్తూ నిలబడాలి. అది అయ్యాక మురుగునీళ్ళది వదలాలి. ఆ సబ్బునీళ్ళే గొట్టాన్ని కడుగుతాయి. బిగింపు సరిగా లేక తొడుగు మీదనుంచి మణికట్టుమీదికి కొంత చిమ్మింది. శ్రీమతి సబ్బునీళ్ళు తెచ్చి నా చేతులమీద పోసింది. పైనుంచి, కాస్త ఎడంగా నిలబడి.

అలా పోసినప్పుడే తెనాలిలో అమ్మమ్మ ఇల్లు గుర్తుకు వచ్చింది.

దొడ్డి చివర, సందుగోడనానుకొని ఉండేది మరుగుదొడ్డి. గోడకు సందువైపు రేకుతలుపు ఒకటి. పొద్దున్నే సందులోంచి ఒకావిడ వచ్చి ఆ రేకు ఎత్తి, బూడిద చల్లి, గీకి, తట్టకెత్తుకొని పోయేది. "నీళ్ళు పోయండమ్మా" అని గోడ అవతలినుంచి వినపడేది. అప్పుడప్పుడు ఆ పని నాకు చెప్పేవారు. నాకు ఎనిమిదేళ్ళుంటాయి. చెంబు ఎత్తి పట్టుకొని, ఎక్కడా తగలకుండా, ఆ చేతులమీద పోసేవాణ్ణి. ఎలా పోయాలో ఎవరూ ప్రత్యేకంగా నేర్పినట్టు జ్ఞాపకం లేదు. వానాకాలంలో ఒకరోజు తట్టలోంచి ఆవిడ భుజంమీదికి కారుతూ ఉండగా చూశాను. చూసి లోపలికి వచ్చి ఇడ్లీలు తిన్నాను. "పాకీది వచ్చి వెళ్ళిందా?" అనేది అమ్మమ్మ. అది పేరు కాదని నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు. కొన్నాళ్ళకు మామయ్య సెప్టిక్ ట్యాంకు కట్టించాడు. ఆవిడ రావడం మానేసింది. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.

ఆ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, 2013లో మరొకటి. దాన్ని పూర్తిగా రూపుమాపాలని పోరాడిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం ఇచ్చినప్పుడు వార్త చదివి, ఎంత మంచి పని అనుకొన్నాను. అనుకొని పేజీ తిప్పాను.

తొడుగులు విప్పి, స్నానం చేసి, గుంటూరులో అక్కయ్యకు ఫోను చేశాను. అక్కడ రాత్రి పది.

"అక్కయ్యా, అమ్మమ్మ ఇంటికి సందులోంచి వచ్చేదే, ఆవిడ పేరేమిటి?"

"ఒరేయ్, అమెరికాలో కూర్చొని ఇదా నీకు గుర్తొచ్చింది?" అని కాసేపు ఊరుకొంది. "పేరు తెలియదురా. ఆవిడ వెంట నా ఈడు పిల్ల ఒకతె వచ్చేది. నేను పుస్తకాలు పట్టుకొని బడికి బయల్దేరుతుంటే సందు మొదట్లో నిలబడి చూసేది. దాని పేరూ తెలియదు. ఇంతకూ ఎందుకడుగుతున్నావు?"

చెప్పాను. వాల్వు సంగతి, బకెట్లు, అద్దం ముక్క, అంతా.

"నువ్వే? నీ చేత్తోనా?"

"తొడుగులు ఉంటాయిలే."

"అమ్మమ్మ ఉంటే..." అని ఆపేసింది. తరువాత మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకొన్నాము.

నేను ఫోను పెట్టేసేసరికి శ్రీమతి పుస్తకం తెరుచుకొని కూర్చొని ఉన్నది. మొదటి పేజీలో వదిలేసిన ఖాళీలో రాస్తోంది. "ఎప్పుడూ మూసి ఉంచాలి. నిండాకే తెరవాలి. ముందు కాసిన్ని నీళ్ళు పోసి ఉంచాలి. ముందు ఇది, తరువాత మురుగునీళ్ళది." దాని కింద ఒక నిమిషం ఆగి, నా పేరు రాసింది.