మా యింటి భీముడు

మనుష్యుడు పెంచుకొను జంతువులలో శునకమునకు గల స్థానము మఱి దేనికిని లేదు. ఆవు పాలిచ్చును, ఎద్దు దున్నును, గుఱ్ఱము మోయును. శునకము మాత్రము మన గడప చెంత బండుకొని మన రాకకై యెదురు చూచును. అయినను మన శతకకర్తలు నీచత్వమును జెప్పవలసి వచ్చినప్పుడు పలుమాఱు కుక్కనే యుపమానముగా దెచ్చిరి. మహాభారతమున ధర్మరాజో, తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని పలికెను. ఈ రెండు భావములును మన జనుల మనస్సులలో నేటికిని ప్రక్కప్రక్కనే యున్నవి. చిత్తూరు పట్టణమున ఏడేండ్లుగా నొక మహాకాయ శునకముతో గాపురము చేయుచున్నవాడను గాన, ఆ యనుభవమును మన పాఠశాల పత్రిక చదువరులకు విన్నవింప దలచితిని.

మా శునకము గ్రేట్ డేన్ అను జాతికి జెందినది. పేరునుబట్టి యిది డెన్మార్కు దేశపుదని పలువురు తలంతురు గాని, యీ జాతిని దీర్చిదిద్దినవారు జర్మనులు. అడవిపందుల వేటకై పెద్ద శరీరమును, వేగమును గల కుక్కలను వారు పెంచుచు వచ్చిరి. 1888వ సంవత్సరమున నీ జాతికై జర్మనీలో నొక సంఘ మేర్పడెను. ఈ జాతి మగకుక్క భుజముల యెత్తు 80 సెంటీమీటర్లకు దక్కువ యుండరాదని నేటి నియమము. నా తమ్ముడు బెంగుళూరిలో నుద్యోగము చేయుచు నీ పిల్లను దెచ్చుకొనెను. అనతికాలముననే విదేశమునకు బోవలసి వచ్చి, మూడు నెలల ప్రాయమున దానిని మాకు నప్పగించెను. మా తల్లి దాని పాదములను జూచి, "ఇంతింత కాళ్లుండే పిల్ల రేపు ఎంత కుక్క అవుతుందో నాయనా!" అని భీముడని పేరు పెట్టెను. నాటినుండి మా యింట నెవ్వరును దానిని 'అది' యనలేదు. 'వాడు' అనియే యందురు. నేనును నట్లే వ్రాసెదను.

పెద్ద వేటకుక్కలు మన దక్షిణదేశమునకు గ్రొత్తవి కావు. క్రీ. శ. 949 ప్రాంతమున తక్కోలమునొద్ద రాష్ట్రకూట చక్రవర్తి యగు మూడవ కృష్ణునకును, చోళ రాజకుమారుడగు రాజాదిత్యునకును గొప్ప యుద్ధము జరిగెను. ఆ తక్కోలము నేటి తమిళనాట అరక్కోణమునకు సమీపమున నున్నది. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా యేర్పడువఱకు మన చిత్తూరును, ఆ సీమయు ఉత్తరార్కాడు జిల్లాలోనివే. ఆ యుద్ధమున బరాక్రమము జూపిన మణలేరుడను వీరుని, కృష్ణుని పక్షమున నున్న గంగరాజు బూతుగుడు మెచ్చి, కోరినది యిత్తునని పలికెను. ఆతడు గోరినది కాళి యను వేటకుక్కను. తరువాత నా కుక్క యొక పెద్ద అడవిపందితో బోరాడగా రెండును జచ్చినవి. కర్ణాటకములోని ఆతకూరున దాని జ్ఞాపకార్థము శిల నిలిపి, భూమి నిచ్చి, అర్చకుడు ఆ శిలను బూజింపక భుజింపరాదని కట్టడి చేసిరి. కుక్కయు బందియు బెనగులాడు బొమ్మ గల యా శిల తరువాత బెంగుళూరు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలకు జేరినది.

ఆ కాళికి వేట యనెడి పని యుండెను. మా భీమునకు బని యేమియు లేదు. పని లేని బలమును ఒక సామాన్య గృహస్థుని యింట నెట్లు కాపాడుట? మా యేడేండ్ల దినచర్య యంతయు నీ యొక్క ప్రశ్నకు సమాధానమే.

తెల్లవాఱుజామున నాలుగున్నర గంటలకు వాడు తన చల్లని ముక్కును నా చెవికి దాకించును. వేసవిలో నింతకంటె నాలస్యము కూడదు. మన సీమలో నెండ 40 డిగ్రీలు దాటిన దినములు పెక్కు. మనకువలె కుక్కకు శరీరమంతటను జెమట పట్టదు. అది నాలుక చాపి రొప్పుటచేతనే వేడిని బోగొట్టుకొనవలెను. శరీరము పెద్దదైన కొలది లోని వేడి బయటికి బోవుట కష్టము. ప్రొద్దెక్కిన తరువాత తారురోడ్డు మీద నఱచేయి నానించి చూచిన మన చేయియే నిలువదు. చెప్పులు లేని పాదము లెట్లు నిలుచును? కావున సూర్యోదయమునకు ముందే నడక ముగించి, పెరటిలో వేపచెట్టు క్రింద తడిపిన గోనెపట్టాల మీద వానిని బరుండబెట్టుదుము. మట్టితొట్టిలో నీరు దినమునకు మూడు మాఱులు మార్చవలెను. నీరు ద్రావి వాడు తల విదిల్చెనేని గోడలకు సున్నము కొట్టినట్లు చొంగ మరకలు పడును. ఆ మరకలు తుడుచుట మా యింటి యాడపిల్ల లిద్దఱి వంతు.

వాని భోజనము రాగిసంగటి, అన్నము, ఉడికించిన మాంసము, గుడ్లు. మన కూరలలోని యుల్లిపాయ కుక్కల రక్తమునకు హాని చేయును గాన, మా తట్టలలో మిగిలినది వానికి బెట్టము. పిల్లగా నున్నప్పుడు బలము రావలెనని సున్నపు మందులు పోయుమని పలువురు సలహా చెప్పిరి. పశువైద్యుడు దానిని గట్టిగా వారించెను. పెద్దజాతి పిల్లలు మెల్లగా బెరుగుటయే మేలనియు, సున్నపుపాలు మితిమీఱినచో నెముకలు వంకరపోవుననియు ఆయన తెలిపెను. మెట్లు దూకనీయక, బరువు పెరుగనీయక, సంవత్సరమున్నర కాలము కాచితిమి. ఇంత దేహమునకు నింత సుకుమారమా యని మాకే యాశ్చర్యము గలిగెను.

వాని స్వభావమును జెప్పిన నవ్వు వచ్చును. దీపావళినాడు టపాకాయ పేలగానే మా తల్లి మంచము క్రింద దూరును. తల మాత్రమే పట్టును, తక్కిన దేహమంతయు వెలుపలనే యుండును. అయినను దాగితినని వాని నమ్మకము. ప్రక్కయింటి పిల్లి వాని తట్టలో దినుచుండగా వాడు దూరమున గూర్చుండి, తన వంతు వచ్చువఱకు నోపికతో జూచుచుండును. సంతోషమున దోక నాడించెనేని స్టూలు మీది గ్లాసులు నేల బడును. ఒకమాఱు గోడకు గొట్టుకొని తోకకొనయే చిట్లి, పదునైదు దినములు కట్టు కట్టవలసి వచ్చెను. సంతోషము సైతము గాయమగుట వానియందే చూచితిని.

అయితే వాని స్వభావము మాకు దెలిసినంతగా వీథికి దెలియదు. "ఏం సారూ, ఇది కుక్కా, ఎనుమా?" అని నవ్వుచు నడుగువారు కొందఱు; బిడ్డల నెత్తుకొని యెదుటి ప్రక్కకు బోవువారు మఱికొందఱు. రెండవవారిని నేను తప్పు పట్టజాలను. కుక్క మంచిదనుట యజమాని మాట. దారిని బోవు పసివానికి గనబడునది పండ్లు మాత్రమే. అందుచే మొదటి సంవత్సరముననే పిలిచిన వచ్చుట, కూర్చుండుమన్న గూర్చుండుట, గొలుసు నీడ్చకుండ నడచుట నేర్పితిమి. చిన్నకుక్క దుముకుట ముద్దుగా నుండును. భీముడు దుమికిన మనిషి పడును. ఏటేట పిచ్చికుక్క వ్యాధి నివారణకు టీకా వేయింతుము. లూయీ పాశ్చరు 1885వ సంవత్సరమున నొక బాలునకు మొదటిసారిగా వేసి ప్రాణము నిలిపిన టీకా విద్య నేడు ప్రతి యూరిలో దొరకుచుండగా, దానిని వేయింపని యజమానికి గుక్కను బెంచు నధికారము లేదని నా నమ్మకము. ఇంతచేసినను, అద్దెయింటి యజమాని యొకరు వాని నొక్కమాఱు చూచి, నెలలోపల నిల్లు ఖాళీ చేయుమనిరి. మూడిండ్లు తిరిగి, పట్టణపు టంచున నీ పెరడు గల యిల్లు సంపాదించితిమి.

ఏలికపాముల మందు మోతాదు శరీరపు బరువునుబట్టి యీయవలెను. ఇంటి తూకములు వానికి జాలవు. అందుచే నొకనాడు బెల్లపు మండీకి దోడుకొని పోయితిని. మండీ పెద్ద నవ్వుచు, "ఏమయ్యవారూ, దూడను తోలుకొచ్చినారే! రాండి, రాండి" అనెను. వాడు కాటా యెక్కనని మొరాయించెను. చిన్న బెల్లపు ముక్క చూపగా నెక్కెను. 64 కిలోలు! చుట్టు చేరిన హమాలీలలో నొక్కడు వేడుకకు దానును కాటా యెక్కెను: 52 కిలోలు. "నాకన్నా వీడే బరువు! ఏం పెడతారు సామీ వీనికి?" అని యడిగెను. చెప్పితిని. గుడ్లు, మాంసము అను మాటలు విని యాతడు మఱేమియు ననక మూట నెత్తికెత్తుకొనెను. నాకును మాట తోచలేదు. పెద్ద కుక్కను బెంచువాడు మన దేశమున నీ మౌనమును గూడ మోయవలెను. మా తల్లి మాత్రము నాటినుండి సంగటి వండునప్పుడు రెండు ముద్దలు ఎక్కువ వండి, మా వీథి చెత్త నూడ్చు ముసలమ్మకు ముందు పెట్టి, పిదప భీమునకు బెట్టుచున్నది.

మూడేండ్ల క్రిందట మామిడికాయల కాలమున నొక యుదయము వాడు మేత ముట్టలేదు. నిలువలేక, పరుండలేక తిరుగుచు, వాంతి చేసికొనబోయి యేమియు రాక, చొంగ కార్చుచుండెను. ప్రొద్దెక్కునప్పటికి గడుపు తప్పెటవలె బిగిసెను. వైద్యునకు ఫోను చేయగా, జీర్ణకోశము గాలితో నుబ్బి తనపై దానే మెలి తిరిగి యుండవచ్చుననియు, లోతైన ఱొమ్ము గల పెద్దజాతులకు, అందును గ్రేట్ డేనులకు, నిది మిక్కిలి వచ్చు నాపద యనియు, గంటల లోపల శస్త్రచికిత్స కానిచో బ్రాణము దక్కదనియు జెప్పెను. తిరుపతిలో 1955వ సంవత్సరమున స్థాపింపబడిన పశువైద్య కళాశాల మాకు దిక్కు. చిత్తూరునుండి యది సుమారు 70 కిలోమీటర్లు. ఆటోవారు వానిని జూచి రామనిరి. మామిడికాయలు దోలు చిన్నలారీ యొకటి మా వీథిలో నుండెను. డ్రైవరు మాట లేక గంపలు దింపి, "ఎత్తండి సార్" అనెను. నలుగురము దుప్పటిలో వేసి యెత్తితిమి. చంద్రగిరి దాటువఱకు వాని తల నా యొడిలో నుండెను. ఆ రొప్పు తప్ప మఱే ధ్వనియు నాకు వినబడలేదు. అక్కడ వైద్యులు మొదట గాలిని వెడలించి, పిదప గోసి, మెలిదీసి, మరల దిరుగకుండ జీర్ణకోశమును కడుపు గోడకు గుట్టిరి. మూడవనాడు వాడు లేచి నా చేయి నాకెను. లారీ డ్రైవరు బాడుగ తీసికొనలేదు. "మా యింట్లోనూ కుక్క ఉంది" అని మాత్ర మనెను.

నాటినుండి దినపు మేతను మూడు భాగములు చేసి పెట్టి, తిన్నవెంటనే పరుగెత్తనీయక, గంటసేపు పరుండబెట్టుచున్నాము. వాడు బ్రదికెను. కాని పెద్దకుక్కలకు గాలము పొదుపుగా నీయబడినది. ఈ జాతి సాధారణముగా ఏడు మొదలు పదేండ్లు జీవించును. మన వీథులలోని చిన్నజాతులు ఇంతకంటె నెక్కువ యేండ్లు బ్రదుకగలవు. 74 జాతుల కుక్కలను బరిశీలించి 2013వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ప్రకటించిన దేమనగా, దేహము ప్రతి రెండు కిలోలు పెరిగిన కొలది యాయుర్దాయము రమారమి యొక నెల తఱుగునట. పెద్దవి వేగముగా ముసలివగును. ప్రకృతి దేహమున నిచ్చినది వయస్సున బుచ్చుకొనుచున్నది. భీమునకు నేడేండ్లు నిండినవి. మూతి నెరసినది. గడపమెట్టు నెక్కలేక నిలిచి నా వంక జూచును. ఇటుకలు పేర్చి వాలు గట్టితిమి.

గొప్ప దేహముననే గొప్ప గుణ ముండునని తలంపవలదు. ఆల్ప్స్ పర్వతములలో సెయింట్ బెర్నార్డు కనుమనొద్ద బాటసారులకై సన్న్యాసులు నడపు సత్రమున, 1800 మొదలు 1814 వఱకు జీవించిన బారీ యను కుక్క మంచులో జిక్కిన నలువదిమందికి మించి రక్షించెనని ప్రసిద్ధి. వాని దేహము నేటికిని స్విట్జర్లాండు దేశపు బెర్న్ నగర ప్రదర్శనశాలలో గలదు. ఆ బారీ నేటి సెయింట్ బెర్నార్డు కుక్కలకంటె జాల చిన్నది. దాని తరువాతనే మనుష్యులు పెద్దతనమును గోరి యా జాతిని బెంచిరి. దట్టపు రోమములు గల యా మంచుదేశపు కుక్కలను మన యెండలకు దెచ్చి, మేడలలో గట్టివేయుట నేడొక వేడుక యైనది. అది ప్రేమ కాదు.

బాలబాలికలారా! మీలో గొందఱు భీముని జూచి, యట్టి పిల్ల తమకును గావలెనని మీ తండ్రుల నడుగుచున్నారని వింటిని. అడుగుటకు ముందు మిమ్ము మీరే కొన్ని ప్రశ్నలు వేసికొనుడు. తెల్లవాఱుజామున పరీక్షల దినములలో సైతము లేతురా? వేసవి మధ్యాహ్నమున గోనెలు తడుపుదురా? మీ యింటివారికి నాపత్కాలమున వైద్యము చేయింపగల స్తోమత కలదా? మీరు కళాశాల చదువు ముగించునప్పటికే వాడు ముసలివాడై పోవునని యెఱిగియు బ్రేమింపగలరా? వీనికెల్ల నవునని చెప్పగల యిల్లు గలవారు నిస్సంశయముగా బెంచవచ్చును. చెప్పలేనివారు విచారింప బనిలేదు. మీ వీథి మలుపున చలికి ముడుచుకొని పండుకొన్న యూరకుక్క యొకటి తప్పక యుండును. అది మన యెండకు, మన సంగటికి నలవాటుపడినది; పెద్దవారి యనుమతితో టీకా వేయించి, ముద్ద పెట్టి, పేరు పెట్టి పిలువుడు. వచ్చి మీ గడపలో గూర్చుండును. ఏ జాతిదని దానిని నడుగ బనిలేదు. మీరెవ్వరని యది యెన్నడును మిమ్ము నడుగదు.